క్రౌను మార్చవలెనా, కన్వర్టరు మార్చవలెనా?

జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు గనులలో తీసిన నాపబండలను నింపుకొని కమలాపురము మీదుగా కడపకు వచ్చు లారీ, వల్లూరు దగ్గర పెన్నాతీరపు మైదానమున టాప్ గేరులో ఒకే స్వరముతో హాయిగా సాగిపోవుచు, ఆనాడే కడప దాటి రాయచోటి మార్గమున గువ్వలచెరువు కనుమ నెక్కవలసి వచ్చినప్పుడు మూడవ గేరునకును, పిదప రెండవదానికిని దిగి, మనిషి నడకకంటె కొంచెము మాత్రమే అధికమైన వేగముతో మూలుగుచు పోవుట ఆ ప్రాంతమువారందఱును ఎఱిగినదే. మైదానమునకు తగిన పంటిలెక్క వేఱు, కనుమకు తగినది వేఱు. అయినను వెనుక ఇరుసు నడుమనున్న హౌసింగులో ఇమిడియుండునది ఒకే లెక్క. దానిని బాటనుబట్టి మార్చుకొను వీలు డ్రైవరునకు లేదు. ఇంజను బలమును చక్రమునకు చేర్చుటలో ఏ అంకెను ఎక్కడ నిలుపవలెనను ఈ ప్రశ్నయే, సముద్రముల కావల డెట్రాయిట్ నగరమున తయారైన బలిష్ఠములగు పాత అమెరికను కార్ల విషయమున, అందును ఆటోమాటిక్ గేరుపెట్టె గల వాని విషయమున, మరికొంత చిక్కుపడి కనిపించును. ఏలయన అక్కడ ఎంచుకొనవలసినవి రెండు: వెనుక ఇరుసులోని క్రౌను-పినియను జోడీ యొకటి, ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ నూనెతో పనిచేయు టార్కు కన్వర్టరు మరియొకటి. చేతిలోని ధనము ఒకదానికే చాలునప్పుడు దేనిని ముందు మార్చవలెను?

ముందుగా ఇరుసు సంగతి. గేరుపెట్టె నుండి వచ్చు పొడవైన జాయింటు షాఫ్టు చివర పినియనను చిన్న పంటిచక్రమును, దానితో లంబముగా కూడి తిరుగు క్రౌనను పెద్ద పంటిచక్రమును ఉండును. మన లారీలకు ఇరుసు సామాను అమ్ము దుకాణములలో 6/37, 7/41 అని అడుగుట పరిపాటి. మొదటి దానియందు పినియనుకు 6 పళ్లు, క్రౌనుకు 37 పళ్లు. అనగా పినియను 6.17 చుట్లు తిరిగిన గాని వెనుక చక్రము ఒక చుట్టు తిరుగదు. రెండవదానియందు ఈ నిష్పత్తి 5.86. ఏతమెక్కిన మనిషి ఇరుసుకొయ్యకు దూరముగా నడచినకొలది బానలోని నీరు సులువుగా లేచును గాని అతడు త్రొక్కవలసిన దూరము పెరుగును; క్రౌను-పినియను నియమమును అంతే. త్రిప్పుబలము ఎన్ని రెట్లు పెరుగునో చుట్లవేగము అన్ని రెట్లు తగ్గును, పళ్ల రాపిడికి పోవు కొద్దిపాటి నష్టము తప్ప ఇందు ఎవరును ఉచితముగా పొందునది లేదు.

ఆ అంకెలను ఒక్క క్షణము నిలిచి చూడదగును. 36 అను సులభమైన సంఖ్యను విడిచి 37 అను విభజింపరాని సంఖ్యను ఎంచుకొనుట యాదృచ్ఛికము కాదు. పినియనుకు 6 పళ్లు, క్రౌనుకు 36 పళ్లు ఉన్నయెడల, పినియనులోని ఒక్కొక్క పన్ను ఎల్లకాలము క్రౌనులోని అవే ఆరు పళ్లను తాకుచుండును; దానియందు ఒక చిన్న గరుకుదనము ఉన్నచో ఆ ఆరింటినే పదేపదే గీరి పాడుచేయును. 37 పళ్లున్నప్పుడు పినియనులోని ప్రతి పన్నును క్రౌనులోని ప్రతి పంటిని వరుసగా కలిసికొనిన తరువాతనే మొదటిదానికి తిరిగి వచ్చును. అందుచేత అరుగుదల అన్నింటికిని సమముగా పంచబడి, కాలక్రమమున ఉభయములును ఒకదానికొకటి నునుపు దిద్దుకొనును. ఇంతటి మేలు ఒక్క పంటిని అధికముగా చెక్కినందున సమకూడినది.

ఈ రెండును కర్మాగారమునందే జోడీగా నూరబడి, ఒకే గుర్తు పొంది వెలువడును. కనుక ఒకదానిని విడిచి మరియొకదానిని మార్చరాదు. ప్రొద్దుటూరు వంటి పట్టణమున లారీ షెడ్డులలో హౌసింగు విప్పి క్రొత్త జోడీ కూర్చుట చూచినవారికి ఆ పనిలోని సూక్ష్మత తెలియును. చిక్కని గేరు ఆయిలు వాసనతో నిండిన ఆ చోట మేస్త్రీ క్రౌను పళ్లపై పలుచగా నీలిరంగు పూసి, పినియనును చేతితో మెల్లగా త్రిప్పి, రంగు చెరిగిన మచ్చ పంటి నడుమ పడినదా, మొదట పడినదా, అంచున పడినదా అని వంగి చూచును. మచ్చ అంచునకు పోయినయెడల పినియను వెనుక పలుచని షిమ్ము ఒకటి తీయుటయో చేర్చుటయో చేసి మరల త్రిప్పును. “పన్ను మంచిదే, కూర్పు కుదరలేదప్పా, అందుకే కూత పెడుతోంది” అని అతడనుమాట అక్షరాల నిజము. రెండు పళ్ల నడుమ విడువవలసిన సందు చిన్న బండ్లలో మిల్లీమీటరులో అయిదవ వంతునకు అటునిటుగా ఉండును. అంతకు తగ్గినచో నూనె చొరక పళ్లు కాలును, మించినచో ప్రతి కుదుపునకును ఒకదానినొకటి కొట్టుకొనును. క్రౌను మార్పు అనునది సామాను వెలతో తీరునది కాదనియు, కూర్చు చేతి నేర్పులోనే దాని ఆయువున్నదనియు యువకులైన కారు ప్రియులు గ్రహింపవలెనని నా గట్టి నమ్మకము.

ఇప్పుడు 6/37కును 7/41కును నడుమనున్న చిన్న తేడా కనుమలో చేయు పని చూతము. మొత్తము 16 టన్నుల లారీ, నూరు అడుగులకు అయిదడుగులు లేచు వాలు నెక్కుచున్నదనుకొందము. భూమి వెనుకకు లాగు బలమొక్కటియే సుమారు 7,850 న్యూటనులు; చక్రముల దొర్లుడు నిరోధమును కలిపిన 9,100 వఱకు వచ్చును. చక్రపు వ్యాసార్ధము అర మీటరైనచో ఇరుసువద్ద 4,550 న్యూటను మీటర్ల త్రిప్పుబలము కావలెను. 6/37 క్రౌను ఉన్న లారీలో గేరుపెట్టె ఇందుకు సుమారు 740 న్యూటను మీటర్లు అందించిన చాలును. 7/41 ఉన్నదానిలో 775 దాటి అందింపవలెను. నూటికి అయిదు పాళ్లే గదా యని తోచవచ్చును గాని, మూడవ గేరు నిలుచునా, రెండవదానికి దిగవలెనా అను సంధి ఆ అయిదు పాళ్లలోనే తేలును. అదే లారీ మైదానమునకు దిగి టాప్ గేరులో ఇంజను 2,400 చుట్లు తిరుగునపుడు, చక్రము చుట్టుకొలత 3.2 మీటర్లైనచో, మొదటి క్రౌనుతో గంటకు 75 కిలోమీటర్లును రెండవదానితో 79 కిలోమీటర్లును పోవును. ఇరుసులోని అంకె బండి నడుచు ప్రతి నిమిషమునందును, ఎక్కుడునను దిగుడునను, నిండు బరువునను ఖాళీగానున్నప్పుడును తన వంతు పుచ్చుకొనుచునేయుండును. దీనిని మఱువకుండుట అవసరము. కన్వర్టరునకును దీనికిని గల ముఖ్యభేదము ఇదియే.

అమెరికాలో 1964వ సంవత్సరమున పాంటియాక్ సంస్థ మధ్యతరహా కారులో 389 ఘనపుటంగుళముల పెద్ద ఇంజనును అమర్చి జీటీఓ యను పేర విడుదల చేయుటతో, అక్కడివారు కండబలపు కార్లని పిలుచుకొను జాతికి గిరాకి పుట్టినదని సాధారణముగా చెప్పుదురు. ఆ కారునకు లభించిన ఆటోమాటిక్ గేరుపెట్టెలో ఉన్నవి రెండే గేర్లు. తరువాత ప్రసిద్ధికెక్కిన జనరల్ మోటార్సు వారి టర్బో హైడ్రామాటిక్ 400లోను, క్రైస్లరు వారి టార్క్‌ఫ్లైట్‌లోను ఉన్నవి మూడు. మొదటి గేరు నిష్పత్తి ఆ క్రమమున 2.48, 2.45, చివరిది ఉభయత్రా ఒకటి. ఇంత తక్కువ మెట్లున్న నిచ్చెనతో నిలుకడ నుండి మహావేగమునకు ఎక్కవలసియుండుటచేత ఇరుసులోని అంకెకు అంతటి ప్రాధాన్యము వచ్చినది. కొనువారు 3.08, 3.23, 3.55, 3.73, 3.90, 4.10 అను అంకెలనుగూర్చి వాదులాడుకొనుట అందువలననే. 66 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రముతో గంటకు 100 కిలోమీటర్లు పోవునపుడు 3.08 ఉన్న కారులో ఇంజను నిమిషమునకు సుమారు 2,475 చుట్లు తిరుగగా, 4.10 ఉన్నదానిలో 3,300 తిరుగును. మొదటిది దూరప్రయాణమునకు, రెండవది పావుమైలు పందెమునకు తగినవి.

ఇక రెండవదగు కన్వర్టరు సంగతి. దాని పుట్టుక భూమిమీది బండ్లకొఱకు కాదు. నాటి జర్మనీలోని ష్టెట్టిన్ రేవున వుల్కాన్ నౌకానిర్మాణశాలలో పనిచేయుచుండిన హెర్మన్ ఫ్యోటింగరు, మహావేగమున తిరుగు ఆవిరి టర్బైనును నెమ్మదిగా తిరుగవలసిన ఓడ పంకాతో కలుపుటెట్లని ఆలోచించి, పళ్లు లేకుండ, లోహము లోహమును తాకకుండ, కేవలము ద్రవప్రవాహముచే బలమును మార్చి అందించు యంత్రమునకు 1905లో పేటెంటు పొందెను. 1928లో జర్మనీయందే ట్రిలోక్ అను సంఘమువారు దానికి చేర్చిన మెఱుగుతోనే అది కార్లకు పనికివచ్చునదైనది. బ్యూయిక్ కార్లలో 1948 నమూనా సంవత్సరమున డైనాఫ్లో పేర ప్రవేశించి అది గృహస్థుల కారులోనికి వచ్చినది. మన దేశమున రైల్వే ఇంజనీరు ఎం. ఎం. సూరి, బయలుదేరునపుడు ద్రవముతోను, వేగమందుకొనిన పిదప నేరుగా యాంత్రికసంధితోను బలమును పంపు పద్ధతిని రూపొందించి, 1962లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారమును అందుకొనిన సంగతి మన విద్యార్థులు అంతగా వినకుండుట విచారింపదగినది.

కన్వర్టరు పనితనము చూడ ముచ్చటగా నుండును. గుండ్రని ఉక్కు పెంకులో మూడు రెక్కలచక్రములు ఒకదానిప్రక్క నొకటి ఉండును. పెంకు నిండ పలుచని నూనె. ఇంజనుతో తిరుగు మొదటి చక్రము పంపువలె నూనెను నడుమ నుండి అంచునకు విసరును. ఆ నూనె ఎదుటనున్న టర్బైను చక్రపు వంకర రెక్కలను తాకి, దానిని త్రిప్పి, తన దిశను కోల్పోయి నడుమకు తిరిగివచ్చును. ఇట్లు వచ్చు నూనె పంపు తిరుగు దిశకు ఎదురుగా ఉండును. దానిని అట్లే పోనిచ్చినయెడల పంపునకు ఆటంకమే గాని సహాయము లేదు. అక్కడనే మూడవదగు స్టేటరు పని మొదలగును. రెంటినడుమ నిలుకడగా పట్టబడియున్న దాని రెక్కలు వచ్చు నూనెను మరలించి, పంపు తిరుగు వైపునకే తోయును. తోయుటలో నూనె స్టేటరును నొక్కును, స్టేటరు గేరుపెట్టె గోడకు ఆనుకొనును. ఆ ఆనిక వలననే ఇంజను ఇచ్చిన త్రిప్పుబలముకంటె టర్బైనునకు చేరునది హెచ్చగుచున్నది. కారు కదలక నిలిచియున్నప్పుడు ఈ వృద్ధి దాదాపు రెండింతలు. కారు వేగమందుకొనినకొలది అది తగ్గుచు, టర్బైను పంపువేగములో నూటికి 85, 90 పాళ్లు అందుకొనునప్పటికి ఒకటికి దిగును. అప్పుడు నూనె స్టేటరు రెక్కలను వెనుకవైపునుండి తాకును; ఒకే దిక్కునకు తిరుగనిచ్చు క్లచ్చి దానిని విడిచిపెట్టగా స్టేటరు తానును ప్రవాహముతోపాటు తిరుగుచు అడ్డు తొలగును. ట్రిలోక్ వారు చేర్చిన మెఱుగు ఈ తొలగుటయే.

కడప జిల్లాలో దీనిని చూడగోరువారు ఏ అమెరికను కారునకొఱకును వెదుక నక్కఱలేదు. నాపరాతి గనులలో పనిచేయు జేసీబీ యంత్రములలో ఇది యున్నది. బకెట్టును రాతిగుట్టలోనికి గ్రుచ్చి యంత్రము ముందునకు నెట్టునపుడు చక్రములు కదలకున్నను ఇంజను ఆగిపోవక మ్రోయుచునే యుండి, గుట్ట లొంగగానే యంత్రము ఒక్కసారిగా ముందునకు దూకుట గమనింపుడు. క్లచ్చి ప్లేటుతో ఈ పని చేయింపబోయినచో ఆ ప్లేటు కొలది దినములకే బూడిదయగును. ఇట్లు చక్రములు నిలిచియుండగా యాక్సిలరేటరు నిండ త్రొక్కినపుడు ఇంజను ఎన్ని చుట్లవద్ద మించి లేవలేక నిలుచునో ఆ అంకెయే స్టాల్ వేగము. మేస్త్రీలు కన్వర్టరు ఆరోగ్యమును దీనితోనే పరీక్షింతురు గాని కొన్ని సెకండ్లకు మించి త్రొక్కనీయరు. 1,800 చుట్లవద్ద 420 న్యూటను మీటర్ల బలమును ఇచ్చు ఇంజను అట్లు నిలిచిపోయినచో 79 కిలోవాట్ల శక్తి అంతయు ఆ కొద్ది లీటర్ల నూనెను కాచుటకే వ్యయమగును.

స్టాల్ వేగమును గుఱించి మిక్కిలి వ్యాపించియున్న అపోహ యొకటి కలదు. 2,600 చుట్ల కన్వర్టరు వేయించినచో ఇంజను 2,600 దాటిన గాని కారు కదలదని చాలమంది నమ్ముదురు. అది సరికాదు. కన్వర్టరు మ్రింగు త్రిప్పుబలము చుట్లవేగపు వర్గమునుబట్టి పెరుగును. అనగా బలము నాలుగవవంతైనచో స్టాల్ వేగము సగమునకు దిగును. 500 న్యూటను మీటర్లకు 2,600 చుట్లవద్ద నిలుచు కన్వర్టరు, సమతలమున నిలకడగా పోవుటకు చాలిన 75 న్యూటను మీటర్లవద్ద సుమారు 1,000 చుట్లకే నిలుచును. ఇరుసులో 3.23 ఉన్న కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగమున ఇంజను 2,600 చుట్లు తిరుగుచుండగా అంత తేలిక బరువునకు జారుడు స్వల్పముగానే ఉండును. ఈ కారణముననే ఒకే కన్వర్టరు చిన్న ఇంజను వెనుక ఒక స్టాల్ వేగమును, పెద్ద ఇంజను వెనుక అంతకుమించిన మరియొక స్టాల్ వేగమును చూపును. డబ్బామీద ముద్రించిన అంకె తన ఇంజనుకు వర్తించునో లేదో విచారింపక కొనువాడు మోసపోవుట కేవలము వ్యాపారి దోషము కాదు.

ఇక ప్రశ్నకు వత్తము. కారు నిలుకడ నుండి లేచునపుడు ఇరుసునకు చేరు బలము నాలుగు అంకెల గుణకారము: ఇంజను బలము, కన్వర్టరు వృద్ధి, మొదటి గేరు, ఇరుసు. 1,800 చుట్లవద్ద 420 న్యూటను మీటర్లు, 2,600వద్ద 500 ఇచ్చు ఇంజనుండెననుకొందము. కర్మాగారపు కన్వర్టరు 1,800వద్ద నిలుచుచు, ఇరుసులో 3.23 ఉన్నయెడల, 420ని రెండుతోను, 2.48తోను, 3.23తోను హెచ్చింపగా 6,730 న్యూటను మీటర్లు వచ్చును. కన్వర్టరును ముట్టక క్రౌను మాత్రము 3.73కు మార్చినచో అది 7,770 అగును. క్రౌనును ముట్టక, అదే వృద్ధి కలిగి 2,600వద్ద నిలుచు కన్వర్టరు వేసినచో 8,010 అగును. లేచునప్పటి ఊపులో రెండవది కొంచెము మిన్నగానే తేలినది. కాని మార్గమున చూడుడు: క్రౌను మార్చిన కారు గంటకు 100 కిలోమీటర్లవద్ద 2,600కు బదులు 3,000 చుట్లు తిరుగుచు, ప్రతి కిలోమీటరునకును తన ఇంధనమును, ధ్వనిని వసూలు చేయును. కన్వర్టరు మార్చినది మునుపటివలెనే 2,600 చుట్లతో సాగును. అందుచేత రహదారిపై దూరము పోవలసినదియు, అప్పుడప్పుడు మాత్రమే పరుగుతీయవలసినదియు అగు కారునకు కన్వర్టరే ముందు మార్చవలసినదని నా నిశ్చయము. మూడవ గేరులో సగము పరుగు నడుమ బలము చాలలేదని తోచువానికి కన్వర్టరు అంతగా తోడ్పడదు, అప్పటికి అది ఒకటికి దిగియుండును. అతనికి క్రౌనే గతి. బరువు లాగి కనుమ లెక్కవలసిన బండికిని అంతే. గువ్వలచెరువు కనుమలో ఎన్నో నిమిషములు కన్వర్టరును జారనిచ్చుచు పోవుటకంటె పళ్లతో బలమును పెంచుకొనుట మేలు. జాఱినదంతయు ఉష్ణముగా మారి నూనెను కాల్చును.

ఈ ఉష్ణమునే యువకులు తఱచు ఉపేక్షింతురు. ఎక్కువ స్టాల్ వేగము గల కన్వర్టరు వేయించినవాడు నూనె చల్లార్చుటకు ప్రత్యేకమగు కూలరును కూడ వేయింపక తప్పదు. కడప వేసవిలో నలువది డిగ్రీలు దాటిన గాలి అసలే చల్లార్చుటకు చాలనిది. నల్లబడి మాడిన వాసనగొట్టు నూనె గేరుపెట్టె లోపలి క్లచ్చి ప్లేట్లకు వినాశకారణము. క్యాం షాఫ్టును కూడ మార్చి, పైచుట్లలోనే బలమిచ్చునట్లు ఇంజనును దిద్దుకొనినవానికి కన్వర్టరు అవశ్యము. అట్టి ఇంజను అడుగు చుట్లలో నిస్త్రాణగా ఉండుటచేత కర్మాగారపు కన్వర్టరు దానిని సిగ్నలు దగ్గరనే ఊపిరాడనీయదు. బరువైన కారు అదే కన్వర్టరును తేలిక కారుకంటె ఎక్కువసేపు జార్చును. ఇవన్నియు కలిపి తూచవలసినవే గాని ఒక్కదానిని పట్టుకొని తక్కిన వానిని విడిచినచో లెక్క తప్పును.

1973లోను 1979లోను చమురు సంకటములు వచ్చిన పిదప అమెరికను కంపెనీలు ఇరుసు అంకెలను తగ్గించి, కన్వర్టరు లోపల ఒక క్లచ్చిని చేర్చి, వేగమందుకొనిన తరువాత పంపును టర్బైనును ఒక్కటిగా బిగించివేసెను. ప్యాకార్డు వారు 1949లోనే ఈ పని చేసియుండిరి గాని అప్పటికి పెట్రోలు చౌక. 1982లో వచ్చిన జనరల్ మోటార్సు వారి 700ఆర్4 గేరుపెట్టెలో మొదటి గేరు 3.06, నాలుగవది 0.70. ఇట్టి పెట్టె వెనుక 3.73 క్రౌను కూడ రహదారిపై 2.61 మాత్రమువలె నడుచును. దానితో పాత వివాదము చాలవఱకు సడలినది. నేడు పది గేర్ల పెట్టెలలో మొదటిది 4.70 వఱకు ఉండుటయు, లేచిన కొద్దిసేపటికే కన్వర్టరు బిగింపబడుటయు సామాన్యమైనవి. మన బజారులలో తిరుగు ఆటోమాటిక్ థార్, ఫార్చ్యూనర్ బండ్లలోను కన్వర్టరున్నది. వాని చక్రములను పెద్దవి చేయించుకొనువారు, టైరు వ్యాసము పెరిగినంతమేర ఇరుసు అంకె తగ్గినట్లే యనియు, ఆ భారము కన్వర్టరుపై పడుననియు తెలిసికొనవలెను.

పాత మూడుగేర్ల కారులో క్రౌను మార్పించువారు గేరుపెట్టె తోకలో స్పీడోమీటరును నడుపు చిన్న పంటిచక్రమును కూడ అప్పుడే మార్పింపవలెను. 3.23 నుండి 3.73కు పోయిన కారులో దానిని అట్లే విడిచినచో, ముల్లు 100 చూపునపుడు కారు పోవునది 87 కిలోమీటర్ల వేగమున మాత్రమే. అంతియగాక ఆ ముల్లును నమ్మి వేసిన పెట్రోలు లెక్కయు, నూనె మార్చవలసిన దూరపు లెక్కయు అదే పాళ్లలో తప్పును.